ఒక ఎముక, రెండు ఎముకలు, చివర వేళ్ళు

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే గ్రంథాలయానికి ఇంతమంది వస్తారని అనుకోలేదు. ముందు వరసల్లో ఇంటర్ పిల్లలు, వెనక వాళ్ళ అమ్మానాన్నలు కూర్చున్నారు. అందరికీ అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఎక్కడైనా అర్థం కాకపోతే చెయ్యెత్తండి, ఆగి మళ్ళీ చెబుతాను.

ఈ రోజు చేతులూ కాళ్ళూ ఎలా ఏర్పడతాయో, అసలు ఎక్కణ్ణుంచి వచ్చాయో మాట్లాడుకుందాం. ముందు ఒక చిన్న పని చేద్దాం. కుడిచేత్తో మీ ఎడమ భుజం పట్టుకుని మోచేతి దాకా తడుముతూ రండి. లోపల ఎముక ఒకటే. మోచెయ్యి దాటాక అరచేతిని పైకీ కిందికీ తిప్పండి. తిరుగుతోంది కదా? మోచేతి కింద రెండు ఎముకలున్నాయి. ఒకదాని మీదుగా రెండోది దొర్లుతుంది కాబట్టే అరచెయ్యి తిరుగుతుంది. తాళం తీసినా, గరిట తిప్పినా ఆ దొర్లడం వల్లే. ఆ తర్వాత మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు, అరచేతిలో అయిదు, వేళ్ళ కణుపుల్లో పద్నాలుగు. కాలికీ ఇదే వరస. తొడలో ఒకటి, మోకాలి కింద రెండు, తర్వాత చీలమండ, పాదం, వేళ్ళు.

మాంసం తినేవాళ్ళు ఈ సారి వంటింట్లో చూడండి. కోడి లెగ్ పీసులో తొడ భాగంలో ఒక ఎముక. మోకాలి కింద ఒక లావు ఎముక, దాన్ని అంటుకుని సూదిలాంటి సన్నటి ఎముక ఉంటాయి. తినేటప్పుడు నోట్లో గుచ్చుకుంటుందని పిల్లలకు తీసి పక్కన పెడతామే, అదే రెండోది. కోడి రెక్క తీసుకున్నా అంతే, ఒకటి, తర్వాత రెండు, చివర కలిసిపోయిన వేళ్ళు. మేక కాళ్ళు తెచ్చి పాయా వండినప్పుడు గిట్టకు పైనున్న పొడవాటి ఎముక కింది చివర చూడండి. రెండు బొడిపెలుగా చీలి ఉంటుంది. అది మన అరచేతిలో మధ్యవేలికీ ఉంగరపు వేలికీ ఉండే రెండు ఎముకలు అతుక్కుపోయి ఒకటైన ఎముక. మేక ఆ రెండు వేళ్ళ కొసల మీద నడుస్తుంది. గుర్రం ఒక్క మధ్యవేలి మీదే పరుగెత్తుతుంది.

హైదరాబాద్ వెళ్ళినప్పుడు బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరం చూసినవాళ్ళు ఇక్కడ కొందరైనా ఉంటారు. ప్రాణహిత, గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన రాకాసి బల్లి అది. భూవిజ్ఞాని యాదగిరి 1988లో దానికి ఆ పేరు పెట్టారు. పిల్లలందరూ తల ఎక్కడుందా అని మెడ పైకెత్తి చూస్తారు. ఈ సారి వెళ్ళినప్పుడు కాళ్ళు చూడండి. స్తంభాల్లాంటి ఆ కాళ్ళలో కూడా పైన ఒకటి, కింద రెండు, ఆ కింద వేళ్ళు.

కప్పకూ, బల్లికీ, గబ్బిలానికీ, తిమింగలానికీ, మనకీ ఈ వరస ఒక్కటే. ఇంగ్లండ్‌లో రిచర్డ్ ఓవెన్ 1849లో ఈ పోలిక మీద ఒక పుస్తకమే రాశాడు. కానీ ఇవన్నీ ఒకే పూర్వీకుడి సంతానమని ఒప్పుకోలేదు. పదేళ్ళకు డార్విన్ ఆ మాట చెప్పాడు. అయినా ఒక ప్రశ్న మిగిలిపోయింది. పూర్వీకుడు ఒక్కడే సరే, తల్లి కడుపులో, గుడ్డులో ఈ ఎముకలను ఈ వరసలో పేరుస్తున్నది ఏది? చేపకు లేని వేళ్ళు దాని వారసుడికి ఎలా మొలిచాయి? దీనికి జవాబు గత డెబ్బై, ఎనభై ఏళ్ళలో దొరుకుతూ వచ్చింది. నన్ను ఈ సబ్జెక్టులో కట్టిపడేసింది అదే.

మనిషి పిండానికి ఇరవై ఆరు రోజుల వయసు వచ్చేసరికి పక్కన చిన్న మొగ్గ లేస్తుంది. అది చెయ్యి. మరో రెండు రోజులకు కింద ఇంకో మొగ్గ, అది కాలు. అప్పటికి చాలామంది తల్లులకు తాము గర్భవతులమని కూడా తెలియదు. ఆ మొగ్గలో ఎముక ఉండదు. పైన చర్మపు పొర, లోపల అన్నీ ఒకేలా కనిపించే కణాలు. తర్వాత ఆ కణాలు అక్కడక్కడ గుమిగూడి ముందు మృదులాస్థి అవుతాయి, చెవిడొప్ప లాగా మెత్తగా వంగే పదార్థం. ఆ మృదులాస్థి అచ్చులోనే తర్వాత ఎముక ఏర్పడుతుంది. పుట్టిన పాప మణికట్టు ఎక్స్‌రే తీస్తే ఆ ఎనిమిది ఎముకలు కనపడవు. అవి ఇంకా మృదులాస్థిగానే ఉంటాయి, ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా ఎముకగా మారతాయి. వయసు తేల్చాల్సి వచ్చినప్పుడు మణికట్టు ఎక్స్‌రే తీయించేది అందుకే.

ఇప్పుడు ఆ మొగ్గ దగ్గరకు వద్దాం. అమెరికాలో జాన్ సాండర్స్ అనే శాస్త్రజ్ఞుడు 1948లో ఒక ప్రయోగం ప్రచురించాడు. కోడిగుడ్డు పెంకుకు చిన్న కిటికీ కోసి, లోపలి పిండంలో రెక్క మొగ్గ అంచున ఉండే సన్నటి గట్టును సూదితో తీసేశాడు. గట్టు అంటే పొలం గట్టు లాగే ఊహించుకోండి, మొగ్గ చివర చర్మం కొంచెం ఉబ్బి అంచంతా ఒక గీతలా ఉంటుంది. గట్టును చాలా ముందుగా తీసేస్తే ఆ కోడిపిల్లకు భుజం ఎముక వచ్చింది, ఆ తర్వాత ఏమీ రాలేదు. కొంచెం ఆగి తీసేస్తే మోచేతి కింది రెండు ఎముకలూ వచ్చాయి, వేళ్ళు రాలేదు. ఇంకా ఆలస్యంగా తీస్తే వేళ్ళ చివర్లు మాత్రమే పోయాయి. అంటే చెయ్యి భుజం నుంచి వేళ్ళ వైపు వరసగా ఏర్పడుతుంది, ఆ గట్టు ఉన్నంతసేపే ముందుకు సాగుతుంది. ఆ గట్టు నుంచి వచ్చే సంకేతం ఎఫ్‌జీఎఫ్ అనే ప్రోటీన్ల కుటుంబమని 1990లలో తేలింది. గట్టు తీసేసిన చోట ఆ ప్రోటీన్‌లో నానబెట్టిన చిన్న పూస పెడితే చెయ్యి మళ్ళీ పెరిగింది. దీని గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక పూస!

సాండర్స్ అక్కడితో ఆగలేదు. 1968లో తన సహ పరిశోధకురాలు మేరీ గాసెలింగ్‌తో కలిసి ఇంకో సంగతి చెప్పాడు. మొగ్గలో వెనక అంచు అంటే మన చేతిలో చిటికెన వేలి వైపు. ఆ అంచు నుంచి చిన్న ముక్క తీసి ముందు అంచున, బొటనవేలి వైపు, అతికిస్తే కోడి రెక్కకు మూడు వేళ్ళకు బదులు ఆరు వచ్చాయి. అవీ అద్దంలో ప్రతిబింబంలా. రెండు మూడు నాలుగు అని ఉండాల్సిన వేళ్ళు నాలుగు మూడు రెండు, రెండు మూడు నాలుగు అయ్యాయి. ఏ వేలు ఎక్కడుండాలో చెప్పేది ఆ వెనక అంచు ముక్క అన్నమాట. అందులో పనిచేస్తున్న జన్యువు 1993లో దొరికింది. పేరు సోనిక్ హెడ్జ్‌హాగ్. అవును, వీడియోగేమ్ బొమ్మ పేరే. చరిత్రలో నిలిచిపోయే జన్యువుకు ఆట బొమ్మ పేరేమిటని కొందరు విసుక్కున్నారు గానీ, పిల్లలకు ఒక్కసారి చెబితే గుర్తుంటుంది కాబట్టి నాకు ఇష్టమే. ఎలుకలో ఆ జన్యువును పూర్తిగా తీసేస్తే కాలికి ఒక్క వేలే మిగులుతుంది.

వేళ్ళు మొదట విడివిడిగా రావు. ముందు తెడ్డులాంటి పలక వస్తుంది. దానిలో వేళ్ళ మృదులాస్థి ఏర్పడ్డాక, వేళ్ళ సందుల్లో కణాలు తమంతట తామే చనిపోతాయి. అలా సందులు పడతాయి. మనలో ఈ పని ఎనిమిదో వారం చివరికి పూర్తవుతుంది. బాతు కాలిలో ఆ చావును ఆపే ప్రోటీన్ ఉంటుంది, అందుకే దాని వేళ్ళ మధ్య పొర మిగిలి ఈదడానికి పనికొస్తుంది. గబ్బిలం రెక్కలో కూడా అంతే.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పక్కింటి ఆవిడకు పాప పుట్టింది. ఎడమచేతి రెండు వేళ్ళు కలిసిపోయి ఉన్నాయి. ఇంట్లో వాళ్ళందరూ ఒకటే మాట. గ్రహణం రోజు కత్తిపీట ముందు కూర్చుంది, వంకాయలు తరిగింది, అందుకే ఇలా అయింది అని. ఆవిడ కూడా నమ్మేసింది. పాపను ఒళ్ళో పెట్టుకుని ఆ చేతిని చీర కొంగుతో కప్పేది. నేను వెళ్ళి అదేం కాదండీ అన్నాను. అంతకు మించి చెప్పడం ఆ రోజు నాకు చేతకాలేదు. ఇప్పుడైతే చెబుతాను. అమ్మా, ఆ గ్రహణం వచ్చినప్పుడు మీకు ఏడో నెల. పాప వేళ్ళు విడిపోవాల్సింది రెండో నెలలో. మీరు కత్తిపీట ముట్టుకోవడానికి అయిదు నెలల ముందే ఆ రెండు వేళ్ళ మధ్య చనిపోవాల్సిన కణాలు చనిపోకుండా ఉండిపోయాయి. మీ చేతిలో ఏమీ లేదు. ఇక్కడ పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను, మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరైనా ఒక తల్లిని ఇలా అంటుంటే దయచేసి ఈ లెక్క చెప్పండి.

చేతులను నిజంగా దెబ్బతీసేవి లేకపోలేదు. 1957 చివర నుంచి 1961 దాకా జర్మనీలోనూ, ఇంకా ఎన్నో దేశాల్లోనూ గర్భిణులకు వాంతులు తగ్గడానికి థాలిడోమైడ్ అనే మందు ఇచ్చారు. సుమారు పదివేల మంది పిల్లలు చేతులూ కాళ్ళూ పొట్టిగా, కొందరు అసలు లేకుండా పుట్టారు. మొగ్గలు పెరిగే ఆ కొద్ది రోజుల్లో మందు పడితే దెబ్బ తగిలింది, ఆ రోజులు దాటాక తగల్లేదు. అందుకే గర్భిణులు డాక్టరును అడగకుండా ఏ మాత్రా వేసుకోకూడదని ఇప్పుడు అంత గట్టిగా చెబుతారు.

సరే, ఇక పాతకాలానికి వెళదాం. చేప.

మనం బజార్లో కొనే రవ్వ, బొచ్చె, కొర్రమీను రెక్కలు చూడండి. పుస్తకాల్లో వాటిని వాజాలు అంటారు. నేను రెక్కలనే అంటాను. వాటిలో విసనకర్ర పుల్లల్లా సన్నటి పుల్లలుంటాయి. మొదట్లో నాలుగైదు చిన్న ఎముకలు, అంతే. కానీ చేపల్లో ఇంకో శాఖ ఉంది. వాటి రెక్క మొదలు కండతో లావుగా ఉంటుంది, అందులో వరసగా ఎముకలుంటాయి. ఆ శాఖలో ఇప్పుడు బతికున్నవి ఊపిరితిత్తుల చేపలూ సీలకాంతులూ మాత్రమే. ఒకప్పుడు ఎన్నో ఉండేవి. కెనడాలోని మిగ్వాషాలో దొరికే యూస్తెనోప్టెరాన్ అనే చేప రెక్కలో మొదట ఒక ఎముక, ఆ తర్వాత రెండు ఎముకలు స్పష్టంగా ఉన్నాయి. అది నీళ్ళు దాటి బయటికి రాని చేప! ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ నగరంలోని సింక్రోట్రాన్ ఎక్స్‌రే యంత్రంతో ఆ భుజం ఎముక లోపలికి చూశారు. మూలుగ ఉండే గొట్టాల్లాంటి ఖాళీలు కనిపించాయి. మనం ఇష్టంగా పీల్చుకునే నల్లి బొక్కల మూలుగకు మొదటి ఏర్పాటు చేప రెక్కలోనే జరిగిందన్నమాట.

మరి వేళ్ళు? షికాగోలో నీల్ షూబిన్, ఆయనతో పాటు టెడ్ డేష్లర్, ఫారిష్ జెంకిన్స్ ఒక ఆలోచన చేశారు. వేళ్ళు లేని చేపల శిలాజాలు 38 కోట్ల ఏళ్ళ నాటివి దొరికాయి. వేళ్ళున్నవి 36.5 కోట్ల ఏళ్ళ నాటివి. మధ్యలోది కావాలంటే 37.5 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళు, అవి కూడా నదులు పారిన చోటివి, ఇప్పుడు ఉపరితలంలో బయటపడి ఉన్నవి కావాలి. మ్యాప్‌లో వెతికితే ఉత్తర ధ్రువానికి దగ్గరలో, కెనడాలోని ఎల్స్‌మియర్ దీవి కనిపించింది. 1999 నుంచి వేసవుల్లో వెళ్ళారు. చలి, ఎలుగుబంట్ల భయం, చాలాసార్లు ఖాళీ చేతులతో తిరిగి రావడం. 2004లో రాతిలోంచి ఒక బల్లపరుపు ముఖం బయటకు చూస్తూ కనిపించింది. అక్కడి ఇన్యూట్ పెద్దలను పేరు అడిగితే టిక్టాలిక్ అన్నారు, వాళ్ళ భాషలో ఒక పెద్ద మంచినీటి చేప. 2006లో ప్రపంచానికి తెలిసింది. దానికి పొలుసులు, మొప్పలు ఉన్నాయి. మెడ ఉంది, ఏ చేపకూ లేని మెడ. రెక్కలో భుజం ఎముక, మోచేతి రెండు ఎముకలు, మణికట్టులాంటి ఎముకలు ఉన్నాయి. కానీ చివర వేళ్ళు లేవు, చేప పుల్లలే ఉన్నాయి. దాని రెక్క వంగుతుంది, నేల మీద ఆనించి మనం దండాలు తీసినట్టు లేవగలదు. ఏ వయసు రాళ్ళలో వెతకాలో ముందే లెక్క వేసుకుని వెళ్ళి, సరిగ్గా అక్కడే దొరికించుకున్నారు. సైన్సు మీద నాకు నమ్మకం ఎందుకని పిల్లలు అడిగినప్పుడల్లా నేను ఈ కథే చెబుతాను.

2020లో మిగ్వాషా నుంచే ఎల్పిస్టోస్టేగె అనే చేప పూర్తి శిలాజం గురించి ప్రచురించారు. దాని రెక్క లోపల, పుల్లల కింద దాగి, వేలి కణుపుల్లాంటి చిన్న ఎముకల వరసలున్నాయి. బయటికి చేప రెక్కే, లోపల వేళ్ళు మొదలయ్యాయి.

ఇప్పుడు అందరూ ఆశ్చర్యపోయే విషయం. కేంబ్రిడ్జ్‌లో జెన్నీ క్లాక్ అనే ఆవిడ 1987లో తూర్పు గ్రీన్లాండ్ వెళ్ళి అకాంథోస్టెగా అనే జంతువు శిలాజాలు తెచ్చారు. వేళ్ళున్న మొట్టమొదటి జంతువుల్లో అది ఒకటి. అందరూ అయిదు వేళ్ళు ఉంటాయనుకున్నారు. రాయి తొలుస్తూ పోతే అయిదు దాటాయి, ఆరు దాటాయి, చివరికి ఎనిమిది! ఆమె, మైకేల్ కోట్స్ కలిసి 1990లో ఆ వివరాలు ప్రచురించారు. అదే కాలపు ఇక్తియోస్టెగా వెనక పాదానికి ఏడు. రష్యాలో దొరికిన తులెర్పెటాన్‌కు ఆరు. అంతవరకూ పుస్తకాలన్నీ అయిదు వేళ్ళనే ఆదిరూపమని చెప్పేవి. ఇంకో సంగతి. అకాంథోస్టెగాకు లోపలి మొప్పలున్నాయి, దాని కాళ్ళు శరీరాన్ని నేల మీద మోసేంత గట్టివి కావు. కాళ్ళూ వేళ్ళూ నీళ్ళలోనే వచ్చాయి, నాచు మొక్కల మధ్య లోతులేని నీళ్ళలో తోసుకుంటూ తిరగడానికి. నేల మీద నడవడం ఆ తర్వాతి సంగతి. చేప గట్టెక్కింది కాబట్టి కాళ్ళు వచ్చాయని నేనే చాలా ఏళ్ళు క్లాసులో చెప్పాను. ఇప్పుడు దాన్ని దిద్దుకుంటున్నాను.

ఎనిమిది నుంచి అయిదుకు ఎలా తగ్గాయి? దీనికి ఒక లెక్కల మనిషి సాయం చేశాడు. అలన్ ట్యూరింగ్. కంప్యూటర్లకు ఆద్యుడని మీకు తెలుసు. ఆయన తండ్రి మద్రాసు ప్రెసిడెన్సీలో ఐసీఎస్ అధికారి, గంజాం జిల్లా ఛత్రపురంలో పనిచేశారు. ఇచ్ఛాపురం దాటి బరంపురం మీదుగా రైల్లో వెళితే వచ్చే ఊరు. ట్యూరింగ్ 1952లో ఒక వ్యాసం రాశాడు. రెండు రసాయనాలు ఉన్నాయనుకోండి. ఒకటి తననూ రెండోదాన్నీ పెంచుతుంది. రెండోది మొదటిదాన్ని అణుస్తుంది, కానీ తను ఎక్కువ దూరం పాకుతుంది. ఈ రెండూ కలిస్తే అంతా ఒకేలా ఉన్న చోట చారలు పడతాయి, చారకూ చారకూ మధ్య దూరం ఒకేలా ఉంటుంది. తడి ఇసుక మీద గాలి వీస్తే అలలు పడతాయే, చూడటానికి అలాగే. అరచేయి పలకలో వేళ్ళు కూడా అలాంటి చారలే కావచ్చని చాలామంది అనుమానించారు. 2012లో రుజువులు గట్టిపడ్డాయి. ఎలుకలో గ్లై3 అనే జన్యువు తీసేసి, దానితో పాటు శరీరంలో ఏ భాగం ఎక్కడ ఏర్పడాలో చెప్పే హాక్స్ జన్యువులను ఒక్కొక్కటిగా తగ్గిస్తూ పోతే వేళ్ళు సన్నబడుతూ, దగ్గరవుతూ పెరిగాయి. పద్నాలుగు దాకా వచ్చాయి! అంటే హాక్స్ జన్యువులు చారల మధ్య దూరం పెంచుతున్నాయి. పలక అంతే ఉండి దూరం పెరిగితే వేళ్ళు తగ్గుతాయి. ఎనిమిది అయిదవడానికి ఇదొక దారి కావచ్చు.

ఆ హాక్స్ జన్యువుల గురించి కొంచెం. వాటికి నంబర్లుంటాయి. 11వ నంబరువి మోచేతి కింది భాగానివి, 13వ నంబరువి చేతివి, వేళ్ళవి. ఎలుకలో 11వ జంటను తీసేస్తే మోచేతి రెండు ఎముకలు దాదాపు మాయమై, చెయ్యి భుజం ఎముకకు అంటుకున్నట్టు అయిపోయింది. మరి చేపలో 13 ఏం చేస్తుంది, చేపకు వేళ్ళు లేవు కదా? 2016లో షూబిన్ ప్రయోగశాలలోనే జీబ్రా చేపలో 13వ నంబరు జన్యువులను పనిచేయకుండా చేశారు. మన ఉపఖండపు వాగుల్లో ఉండే చేపే అది, ఇప్పుడు ప్రపంచమంతా ప్రయోగశాలల్లో ఉంది. రెక్క పుల్లలు కురచబడ్డాయి, లోపలి చిన్న ఎముకలు పెరిగాయి. మన వేళ్ళు గీసే జన్యువులే చేపలో పుల్లలు గీస్తున్నాయి. వేలికీ పుల్లకీ చుట్టరికం ఉందని ఎముకల పోలిక చూసి ఎవరూ చెప్పలేకపోయారు. 2021లో ఇంకో జట్టు జీబ్రా చేపలో ఒకే ఒక్క జన్యువులో చిన్న మార్పుతో రెక్కలో కొత్త పొడవాటి ఎముకలు వచ్చాయని చూపించింది. వాటికి కీలు కూడా ఉంది, కండరాలు వచ్చి అతుక్కున్నాయి. నలభై కోట్ల ఏళ్ళకు పైగా వేరే దారిలో నడిచిన చేపలో కూడా మోచెయ్యిలాంటిది చేయగల సామర్థ్యం నిద్రపోతూ ఉందన్నమాట.

వేళ్ళు ఏ వరసలో ఏర్పడతాయనేది ఇంకో అందమైన ప్రశ్న. కప్ప, బల్లి, కోడి, ఎలుక, మనిషి, అన్నిటిలోనూ ఉంగరపు వేలి వైపు ముందు మొదలవుతుంది, బొటనవేలు చివర. ఒక్క సాలమాండర్లలో, అంటే బల్లిలా కనిపించే తోక ఉన్న ఉభయచరాల్లో, మాత్రం తిరగేసి, మొదటి రెండు వేళ్ళు ముందు వస్తాయి. దీన్ని పట్టుకుని సాలమాండర్ల చెయ్యి వేరుగా పుట్టిందని ఒకప్పుడు కొందరు అన్నారు. జర్మనీలో దొరికిన సుమారు 30 కోట్ల ఏళ్ళ నాటి అపటెయాన్ అనే చిన్న జంతువు పిల్లల శిలాజాలు వయసు వారీగా వందలున్నాయి. వాటిని వరస పెట్టి చూస్తే అందులోనూ బొటనవేలి వైపే ముందు ఎముకగా మారింది. అంటే సాలమాండర్ల పద్ధతి కొత్తది కాకపోవచ్చు, చాలా పాతది కావచ్చు. సాలమాండర్లకే కాలు తెగితే మళ్ళీ పూర్తిగా మొలుస్తుంది. ఈ రెండింటికీ సంబంధం ఉందా అని ఇప్పుడు పనిచేస్తున్నారు. నాకు వయసు తక్కువుంటే నేనూ ఈ పనే ఎంచుకునేవాణ్ణి. ముందు వరసలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఎంచుకోవచ్చు.

కాళ్ళు వచ్చిన కథ చెప్పాను, పోయిన కథ కూడా చెప్పాలి. పాము. సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువును చేతిలో వెలిగించే స్విచ్ లాంటి డీఎన్ఏ ముక్క ఒకటుంది. అది ఆ జన్యువుకు దాదాపు పది లక్షల డీఎన్ఏ అక్షరాల దూరంలో, వేరే జన్యువు మధ్యలో ఉంటుంది. ఇంట్లో లైటుకు స్విచ్ పక్క వీధిలో ఉన్నట్టు. ఆ స్విచ్‌లో ఒక్క అక్షరం మారితే బొటనవేలి వైపు అదనపు వేలు రావచ్చని 2003లో ఎడిన్‌బరో వాళ్ళు చూపించారు. కొన్ని ఇళ్ళల్లో తాతకూ మనవడికీ ఆరో వేలు ఉండటం చూస్తుంటాం, అలాంటి కొన్ని కుటుంబాల్లో కారణం ఇదే. 2016లో అమెరికాలో ఎలుక స్విచ్ తీసేసి ఆ చోట రాచనాగు స్విచ్, కొండచిలువ స్విచ్ పెట్టారు. ఎలుకలు మొండి కాళ్ళతో పుట్టాయి. కొండచిలువ స్విచ్‌లో పోయిన పదిహేడు అక్షరాలను తిరిగి రాసి పెడితే, కాళ్ళు మామూలుగా వచ్చేశాయి! కొండచిలువ తోక మొదట్లో రెండు వైపులా చిన్న గోళ్ళలాంటివి ఇంకా ఉంటాయి, దాని వెనక కాళ్ళలో మిగిలింది అదే.

తిమింగలం కథలో మన దేశం ఉంది. ఎ. రంగారావు అనే భారతీయ భూవిజ్ఞాని జమ్మూ కశ్మీర్‌లో రాజౌరీ వైపు కాలాకోట్ దగ్గర రాళ్ళు సేకరించారు. కొన్ని పళ్ళు, దవడ ముక్కలు దొరికాయి. మిగిలిన రాళ్ళు పగలగొట్టకముందే ఆయన పోయారు. ఆ రాళ్ళను ఆయన భార్య కాపాడి హాన్స్ థేవిసన్ అనే శాస్త్రజ్ఞుడికి ఇచ్చారు. ఒక పుర్రె పొరపాటున పగిలితే, లోపల చెవి ఎముక తిమింగలాలకు మాత్రమే ఉండే రకంగా కనిపించింది. ఆ జంతువు ఇండోహ్యస్, చిన్న జింకలాంటిది, 4.8 కోట్ల ఏళ్ళ నాటిది. నాలుగు కాళ్ళూ, గిట్టలూ ఉన్నాయి. కాలి ఎముకలు లోపల గట్టిగా నిండి బరువుగా ఉన్నాయి, నీళ్ళలో తేలిపోకుండా నీటిగుర్రానికి ఉన్నట్టు. 2007లో ఈ సంగతి ప్రచురించారు. ఆ రాళ్ళను పారేయకుండా ఇన్నేళ్ళు దాచిన ఆ ఇల్లాలి పేరు కూడా చరిత్రలో ఉండాలని నాకు అనిపిస్తుంది. డాల్ఫిన్ పిండానికి ఇప్పటికీ వెనక కాళ్ళ మొగ్గలు వస్తాయి. గట్టు కూడా కొద్ది రోజులు కనిపిస్తుంది. సోనిక్ హెడ్జ్‌హాగ్ వెలగదు, మొగ్గ వాడిపోతుంది.

గబ్బిలం గురించి ఒక్క మాట. దాని చేతి పెరుగుదలలో పనిచేసే ఒక స్విచ్‌ను ఎలుకలో పెడితే ఎలుక ముందు కాళ్ళు ఆరు శాతం పొడవయ్యాయి. ఆరు శాతమే. గబ్బిలం అంత రెక్క రావాలంటే ఇలాంటివి ఎన్నో కలవాలి.

సమయం అయిపోయింది. ఆ కిటికీ పక్క బల్ల మీద రెండు మైక్రోస్కోపులు పెట్టాం, మా పాత కాలేజీ ల్యాబ్ నుంచి అడిగి తెచ్చిన కోడి పిండం స్లైడులు ఉన్నాయి. మొదటిది 72 గంటలది, అందులో రెక్క మొగ్గ ఇప్పుడిప్పుడే లేచిన చిన్న ఉబ్బు. రెండోది 96 గంటలది, మొగ్గ బాగా కనిపిస్తుంది, చివర అంచు కొంచెం నల్లగా గీతలా ఉంటుంది. ఆ గీతే సాండర్స్ సూదితో తీసిన గట్టు. పిల్లలు ముందు రండి, ఫోకస్ తిప్పేటప్పుడు కొంచెం మెల్లగా, స్లైడు పగలకుండా.